కడపలో సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు: చేతిలో 8 లక్షలు, లాగితే 12. ఏది తీసుకోవచ్చు?

పెన్నా ఒడ్డు, కడప

అన్నలందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో హైబ్రిడ్ కారు కోసం చూస్తున్నా. చేతిలో 8 లక్షలు ఉన్నాయి. నిజంగా లాభం ఉంటాదంటే ఇంకో 4 లక్షలు లోన్ పెట్టుకోగలను. అంతకు మించి నా వల్ల కాదు. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, అవసరమైతే టైర్లు, అన్నీ ఆ 12లోనే సర్దుకోవాల.

తిరుగుడు ఇది: వారానికి మూడు రోజులు కడప నుంచి ఎర్రగుంట్లకు పోయి రావాల. మిగతా రోజులు టౌన్‌లోనే. నెలకోసారి తిరుపతి. అంతా కలిపి నెలకు 1,400 కిలోమీటర్లు అటూ ఇటూ. ఇంట్లో నలుగురం. పగలంతా కారు ఎండలోనే ఉంటాది, షెడ్డు లేదు.

ఇప్పటికి మూడు బండ్లు కుదిరేలా ఉన్నాయి.
1. మారుతి సియాజ్ 1.5 పెట్రోల్ మాన్యువల్, స్మార్ట్ హైబ్రిడ్. 2019 బండి, 62 వేలు తిరిగింది, కడప రిజిస్ట్రేషనే. 7.1 లక్షలు అడుగుతున్నారు.
2. టొయోటా హైరైడర్ ఎస్ హైబ్రిడ్. 2022 నవంబర్, 58 వేలు, బెంగళూరు బండి. 12.2 లక్షలు.
3. హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ. 2022, 41 వేలు, చెన్నై బండి. 10.6 లక్షలకే ఇస్తామంటున్నారు.

నా అనుమానాలు: మన ఎండలకు హైబ్రిడ్ బ్యాటరీ ఎన్నాళ్లు నిలబడుతాది? కొనేముందు దాన్ని పరీక్ష చేసుకునేది ఎట్లా? వేరే రాష్ట్రం బండి తెచ్చుకుంటే ఎంత పడుతాది? ఈ మూడింట్లో మీరైతే ఏది చూస్తారు?

ఘాట్ రోడ్, రాయచోటి

అన్నా, ముందు ఒక విషయం తేల్చుకోండి. మీ లిస్టులో మొదటి బండికీ మిగతా రెండింటికీ హైబ్రిడ్ అనే పేరు తప్ప పోలిక లేదు.

సియాజ్‌లో ఉండేది మైల్డ్ హైబ్రిడ్. ఆల్టర్నేటర్ ఉండాల్సిన చోట బెల్టుతో తిరిగే ఐఎస్‌జీ అనే చిన్న మోటారు ఉంటాది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం, ఎత్తుకునేటప్పుడు కొంచెం చేయూత ఇవ్వడం, బ్రేకు తొక్కినప్పుడు కొంత కరెంటు వెనక్కి తీసుకోవడం దాని పని. కారు ఒక్క అడుగు కూడా కరెంటు మీద కదలదు. ముందు పక్క సీటు కింద చిన్న లిథియం బ్యాటరీ, బానెట్ కింద మామూలు 12 వోల్టుల బ్యాటరీ, రెండూ ఉంటాయి.

హైరైడర్, సిటీ ఈ-హెచ్‌ఈవీ స్ట్రాంగ్ హైబ్రిడ్లు. టౌన్‌లో చాలాసేపు ఇంజిన్ ఆగిపోయి మోటారుతోనే నడుస్తాయి. హైరైడర్‌లో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, 0.76 యూనిట్ల లిథియం బ్యాటరీ, కంపెనీ మైలేజీ 27.97. హోండా సిటీలో నాలుగు సిలిండర్ల ఇంజిన్, కంపెనీ మైలేజీ 26.5. రోడ్డు మీద అంత రాదు, మీ తిరుగుడుకు 22 వేసుకోండి. సియాజ్‌కు 16.

ఇక్కడే అమ్మేవాళ్లు తికమక పెడతారు. హైరైడర్‌లోనూ, దాని జోడీ బండి మారుతి గ్రాండ్ విటారాలోనూ మైల్డ్ రకం కూడా ఉంది, టొయోటాలో దాన్ని నియో డ్రైవ్ అంటారు. రేటు మాట్లాడేటప్పుడు అదీ హైబ్రిడ్డే అంటారు. ఆర్సీలో పెట్రోల్/హైబ్రిడ్ అని ఉంటే నమ్మొద్దండి, మైల్డ్ బండికి కూడా అట్లాగే పడుతుంది. కారులో కూర్చొని చూడండి: గేర్ల దగ్గర ఈవీ బటన్ ఉండాల, ఆర్పీఎం మీటరు బదులు ఛార్జ్, ఎకో, పవర్ అని ముల్లు ఉండాల, క్లచ్ పెడల్ అసలు ఉండకూడదు.

ఇంక లెక్క. పెట్రోలు లీటరు 110 అనుకుందాం. నెలకు 1,400 కిలోమీటర్లకు సియాజ్ 87.5 లీటర్లు తాగుతుంది, 9,625 రూపాయలు. హైరైడర్‌కు 63.6 లీటర్లు, 7,000. మిగిలేది నెలకు 2,625, ఏడాదికి 31,500. రెండింటి మధ్య తేడా 5 లక్షల పైమాటే. పెట్రోలు మీదే ఆ తేడా రాబట్టుకోవాలంటే 16 ఏళ్లు పడుతుంది. పైగా 4 లక్షల లోన్‌కు 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే కంతు 8,700 దాకా వస్తాది. మొదటి ఏడాది వడ్డీయే 40 వేలు దాటుతాది. పెట్రోల్లో మిగిలేది ఆ వడ్డీకే చాలదు.

నేనైతే సియాజ్ దగ్గరే ఆగుతా. కానీ ఈ 2019 బండికి ఒక పని తప్పక చేయండి. 2019 జనవరి నుంచి నవంబర్ దాకా తయారైన సియాజ్, ఎర్టిగా, ఎక్స్ఎల్6 స్మార్ట్ హైబ్రిడ్ బండ్లు 63,493 వెనక్కి పిలిచారు, మోటార్ జనరేటర్ యూనిట్‌లో, అంటే ఆ ఐఎస్‌జీలోనే, లోపానికి. మళ్లీ 2021 సెప్టెంబర్లో, 2018 మే నుంచి 2020 అక్టోబర్ దాకా తయారైన పెట్రోల్ బండ్లకు అదే యూనిట్ కోసం ఇంకో రీకాల్ వచ్చింది. ఛాసిస్ నంబర్ పట్టుకుని మారుతి సర్వీసులో అడగండి: ఈ బండికి రెండు రీకాళ్లలో ఏది వర్తించింది, పని అయిందా లేదా. చేయించుకోని బండి అయితే చేతికి తీసుకునేముందే చేయించి ఇమ్మనండి, దానికి డబ్బు తీసుకోరు.

హంద్రీ నీవా, కర్నూలు

పై లెక్కలో తప్పు లేదు గానీ, ఒక్క తిరుగుడుకే అది సరిపోతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ లాభమంతా 50 కిలోమీటర్ల వేగం లోపల ఉంటుంది. ఎర్రగుంట్ల రోడ్డు మీద 80లో నిలకడగా పోతుంటే ఇంజిన్ దాదాపు ఆగదు, అక్కడ లాభం తగ్గిపోతుంది. అదే సియాజ్ ఆటోమేటిక్‌తో పోల్చి, టౌన్ తిరుగుడే చూడండి: దాని పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్ ట్రాఫిక్‌లో 11 ఇస్తే గొప్ప. అప్పుడు 1,400 కిలోమీటర్లకు 14,000 అవుతుంది, హైబ్రిడ్‌కు 7,000. ఏడాదికి 84 వేలు మిగిలినట్టు. అందుకే ఒక వారం పాటు మీ బండి మీటరు చూసి, టౌన్ కిలోమీటర్లు ఎన్ని, రోడ్డు కిలోమీటర్లు ఎన్ని అని రాసి పెట్టుకోండి. సగానికి పైగా టౌన్ అయితేనే స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి మాట్లాడుకుందాం.

బ్యాటరీ భయం గురించి వివరంగా చెప్తాను, చాలామంది తప్పుగా అనుకునేది ఇక్కడే.

హైబ్రిడ్ బ్యాటరీని ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలాగా నిండా నింపి అడుగంటా వాడరు. సిస్టమ్ దాన్ని ఎప్పుడూ మధ్యలోనే ఆడిస్తుంది, అందుకే ఏళ్ల తరబడి నిలుస్తుంది. టొయోటా, హోండా రెండూ దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, ఏది ముందైతే అది. మీరు చూసే హైరైడర్ 2022 నవంబర్ది అంటే 2030 నవంబర్ దాకా ఉంటుంది. మీ నడకకు ఏడాదికి 17 వేలు కూడా దాటదు గాబట్టి కిలోమీటర్ల కంటే ముందు ఏళ్లే అయిపోతాయి. అయితే ఆ వారంటీ రెండో యజమానికి యథాతథంగా వస్తుందని ఆ ఛాసిస్ నంబర్ మీద డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. సర్వీసులు ఎగ్గొట్టిన బండికి క్లెయిమ్ వేళ పేచీ వస్తుంది.

బ్యాటరీని తినేది వాడకం కంటే వేడి. ఆ వేడి ఎక్కువగా వచ్చేది దుమ్ము పట్టిన గాలి దారి వల్ల. ఈ బ్యాటరీలు క్యాబిన్ గాలితోనే చల్లబడతాయి. వెనక సీటు దగ్గర చిన్న గాలి జాలీ ఉంటుంది, దాని లోపల ఫిల్టరు, ఆ వెనక ఫ్యాను. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు రోజూ తిరిగే బండి అంటే సిమెంటు దుమ్ము, నాపరాయి పొడి. చూడ్డానికి తెల్లటి పిండిలా ఉంటుంది, తడి తగిలిందంటే ఫిల్టరు మీద గట్టిపడి అట్ట కడుతుంది. గాలి అందక సెల్స్ వేడెక్కితే సిస్టమ్ బ్యాటరీని కాపాడుకోవడానికి ఛార్జింగూ డిశ్చార్జింగూ తగ్గించేస్తుంది. అంటే ఇంజినే ఎక్కువసేపు నడుస్తుంది, మైలేజీ ఊరికే పడిపోతుంది, యజమానికి కారణం అర్థం కాదు.

కొనేముందు ఆ జాలీ చూడండి. మోడల్‌ను బట్టి అది సీటు పక్కనో కిందో ఉంటుంది. టార్చి వేసి చూస్తే తెల్లటి పొర, కుక్క వెంట్రుకలు, దారాలు కనిపిస్తాయి. మురికిగా ఉన్నంత మాత్రాన బండి వదిలేయక్కర్లేదు, కానీ ఇంతకుముందు ఎప్పుడు శుభ్రం చేశారని సర్వీసు బిల్లుల్లో వెతకండి. ఎక్కడా లేకపోతే బ్యాటరీ ఎండాకాలాలన్నీ ఊపిరాడకుండానే గడిపిందని అర్థం. మీరు కొన్నాక మీ రోడ్డుకు ఏడాదికోసారి చాలదు, ఆరు నెలలకోసారి తీయించండి. ఆ జాలీకి అడ్డంగా సంచులు, పిల్లల బ్యాగులు పెట్టొద్దు. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే అద్దాలు దించి వేడి గాలి పోనిచ్చి, ఏసీ వేసి, ఆ తర్వాతే తోలండి. క్యాబిన్ చల్లబడితేనే బ్యాటరీ చల్లబడుతుంది.

ఇక పరీక్ష. బండి చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మీరు పోయేసరికే వేడిగా ఉంటే సాయంత్రం మళ్లీ వస్తామనండి.

బటన్ నొక్కితే రెడీ లైటు వెలగాలి, ఇంజిన్ వెంటనే స్టార్ట్ కాకపోయినా కంగారు వద్దు. ఏ పసుపు లైటూ మిగలకూడదు. ఏసీ 22లో పెట్టి బండి నిలబెట్టే ఉంచండి, స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు చూస్తూ ఉండండి. మంచి బ్యాటరీ అయితే ఇంజిన్ ఆగి కొన్ని నిమిషాలు ఏసీని లాగుతుంది, తర్వాత ఇంజిన్ లేచి కాసేపు ఛార్జి చేసి మళ్లీ ఆగుతుంది. అరనిమిషానికోసారి లేస్తూ ఆగుతూ ఉంటే, లేదా గీతలు నిండుగా ఉండి ఒక్కసారిగా రెండుకు పడిపోయి అంతే వేగంగా నిండిపోతుంటే, కొన్ని సెల్స్ బలహీనపడ్డాయన్న మాట. వెనక సీటు దగ్గర చెవి పెట్టి ఫ్యాను వినండి. సన్నగా వినిపిస్తే మంచిదే, చల్లటి పొద్దునే గోలగా తిరుగుతుంటే అనుమానించాలి.

తర్వాత ఎత్తు. మీకు గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. బండి కడపకు తెప్పించగలిగితే ఎక్కేటప్పుడు నలుగురు కూర్చొని, ఏసీ వేసి తోలండి. శక్తి తగ్గించామన్న హెచ్చరిక రాకూడదు. దిగేటప్పుడు గీతలు నిండాలి. నిండాక ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అది లోపం కాదు, బ్యాటరీలో చోటు లేక ఇంజిన్‌ను తిప్పి బండిని ఆపుతోంది, పెట్రోలు కాలదు. టొయోటాలో దిగేటప్పుడు బీ గేరు వేసుకోవచ్చు.

ఆఖరుగా ఆధరైజ్డ్ సర్వీసుకు తీసుకుపోయి హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించండి. కంప్యూటర్ పెట్టి బ్యాటరీ బ్లాకుల వోల్టేజీలు ఒక్కొక్కటే చూస్తారు, అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. లోడు పడినప్పుడు ఒక బ్లాకు మిగతావాటి కంటే కిందికి జారితే అదే ముందు పోయేది. కంప్యూటర్‌లో నమోదైన పాత లోపాల కోడ్లు కూడా అడగండి. టొయోటాలో పీ0ఏ80 అంటే బ్యాటరీ ప్యాక్ మార్చమని, పీ0ఏ93 అంటే ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె) చల్లదనంలో లోపమని. ఆ ముందురోజే కోడ్లు చెరిపేసిన బండ్లు ఉంటాయి, అందుకే చెరిపేసి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా చూడమనండి. అమ్మేవాళ్లు ఈ చెక్‌కు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం వదిలేయండి.

బానెట్ తెరిచినప్పుడు ఇంజిన్ కూలెంట్ డబ్బా కాకుండా ఇన్వర్టర్‌ది వేరే ఉంటుంది, మట్టం గీతల మధ్య ఉందా, రంగు తేటగా ఉందా చూడండి. మామూలు నీళ్లు కలిపి ఉంటే రంగు వెలిసిపోయి ఉంటుంది. నారింజ రంగు తీగల జోలికి మాత్రం మీరు గానీ మీ మెకానిక్కు గానీ పోవద్దు, అవి ప్రాణాంతకమైన వోల్టేజీవి.

బ్రేకుల్లో ఒక విచిత్రం. మోటారే చాలావరకు బండిని ఆపుతుంది కాబట్టి ప్యాడ్లు అరగవు, కానీ వాడక కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి, డిస్కులకు తుప్పు పడుతుంది. చక్రాలు తీయించి నాలుగూ చూడండి.

గుత్తి కోట, అనంతపురం

మూడో బండి గురించి ఎవరూ మాట్లాడలేదేమన్నా? చెన్నై, 2022 మోడల్, 41 వేలే, మార్కెట్ కంటే తక్కువ. 2023 డిసెంబర్ మొదట్లో మిచాంగ్ తుఫానుకు చెన్నైలో వేల బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. 2024 సెప్టెంబర్లో విజయవాడ బుడమేరు వరద కూడా అంతే. ఆ బండ్లలో కొన్ని కడిగి, ఆరబెట్టి ఊరు దాటించి అమ్ముతారు. మామూలు కారు మునిగితే సీట్లు, వైరింగు పాడవుతాయి. హైబ్రిడ్ మునిగితే, డిక్కీ అడుగున ఉండే అధిక వోల్టేజీ ప్యాక్ లోపల, కనెక్టర్లలో తుప్పు మొదలవుతుంది. అది ఏడాది, రెండేళ్లకు గానీ బయటపడదు. నీళ్లలో మునిగిన నష్టాన్ని బ్యాటరీ వారంటీ భరించదు.

చూడాల్సినవి: సీటు బెల్టు చివరి దాకా లాగండి, కింద చుట్టలో ఉండే భాగంలో బురద గీత పడుతుంది, దాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు. సీట్లు జరిగే పట్టాల బోల్టులు, డాష్‌బోర్డు కింద బ్రాకెట్లు తుప్పు పట్టాయా, కార్పెట్ కింది స్పాంజి తడి వాసన వస్తోందా, హెడ్‌లైటు లోపల నీటి చారలున్నాయా. డిక్కీ అట్ట పైకెత్తి బోల్టుల తలలు చూడండి, స్పానరు పెట్టి విప్పిన గుర్తులుంటే ఎందుకు విప్పారని అడగండి. ఇన్సూరెన్స్ పాలసీ నంబర్ తీసుకుని ఆ కంపెనీకే ఫోన్ చేసి, 2023 డిసెంబర్ తర్వాత క్లెయిములు ఉన్నాయా అని యజమానితోనే అడిగించండి. ముందు అద్దం మార్చి ఉంటే ఇంకో సంగతి: జడ్ఎక్స్ అయితే అద్దం వెనక హోండా సెన్సింగ్ (డ్రైవరుకు సాయపడే భద్రతా వ్యవస్థ) కెమెరా ఉంటుంది, అద్దం మార్చాక దాన్ని కాలిబ్రేట్ చేసిన బిల్లు ఉండాలి.

ఈ తంతంతా కడప నుంచి చెన్నైకి పోయి చేయగలిగితే చేయండి. లేదంటే వదిలేయండి. తక్కువ ధరకు సరైన కారణం చెప్పలేని హైబ్రిడ్‌ను నేను మాత్రం ముట్టుకోను.

ఇంక పేపర్లు. బెంగళూరు బండికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అమ్మినట్టు ఫారం 29, ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 30, లోన్ తీరి ఉంటే ఫారం 35తో పాటు బ్యాంకు లెటరు. ఇక్కడ ఏపీ నంబర్ కోసం ఫారం 27. ఎన్‌ఓసీ రావాలంటే అక్కడి చలాన్లన్నీ కట్టేసి ఉండాలి. అన్నిటికంటే పెద్ద ఖర్చు మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్స్. కారు ధర, వయసును బట్టి వేస్తారు, ఈ స్థాయి కారుకు లక్ష దాటే మొత్తమే. కర్ణాటకలో కట్టిన ట్యాక్సులో మిగిలిన కాలానిది వెనక్కి వస్తుంది గానీ, మీ పేరు మీద ఇక్కడ రిజిస్టర్ అయి, ట్యాక్సు కట్టిన రసీదుతో అప్లై చేసుకున్నాకే, అదీ ఆలస్యంగా. రీఫండు ఎవరి ఖాతాకు వస్తుందో ముందే అమ్మేవాళ్లతో రాసుకోండి. కడప ఆర్టీఓలో ఆ ఛాసిస్ మీద ఎంత ట్యాక్సు పడుతుందో లెక్క వేయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దండి.

కేఏ నంబర్ మీదే తిప్పుకుందాంలే అనుకోవద్దు. ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే. పైగా పేరు మారకుండా బండి నడిపితే ప్రమాదంలో ఇన్సూరెన్సు క్లెయిమ్‌కు పెద్ద చిక్కు. పాలసీ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో అప్లై చేయండి. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వాళ్లతోనే పోతుంది, ప్రీమియం ఆమేరకు పెరుగుతుంది, అది కూడా బడ్జెట్లో వేసుకోండి.

పెన్నా ఒడ్డు, కడప

చాలా సంతోషం అన్నలూ. చెన్నై బండి వాళ్లను ఇన్సూరెన్స్ వివరాలు అడిగితే తర్వాత పంపుతామన్నారు, దాన్ని లిస్టులోంచి తీసేశా. నా మీటరు లెక్క చూసుకుంటే టౌన్ వంతు మూడింట ఒక వంతుకు మించదు. హైరైడర్‌కు 12.2 మీద ట్యాక్సు కలిస్తే నా గీత దాటిపోతాది.

రెండు ప్రశ్నలు మిగిలినాయి. సియాజ్‌లో ఆ లిథియం బ్యాటరీ పోయి ఉంటే బండి నడుస్తాదా, దాన్ని నేనెట్లా కనిపెట్టేది? రెండోది, కొంతకాలం ఆగితే ఏపీ నంబరు హైరైడర్ నా బడ్జెట్లో దొరుకుతాదంటారా, ఆగితే ఏం చూసుకోవాల?

ఘాట్ రోడ్, రాయచోటి

మొదటి ప్రశ్న. నడుస్తుంది. పొద్దున చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసేది మామూలు స్టార్టరు, 12 వోల్టుల బ్యాటరీయే. లిథియం పోతే స్టార్ట్-స్టాప్ ఆగిపోతుంది, ఎత్తుకునేటప్పుడు మోటారు సాయం ఉండదు, మైలేజీ కొంచెం తగ్గుతుంది, మీటర్లో హెచ్చరిక లైటు ఉంటుంది. అందుకే ముందు ఇగ్నిషన్ వేయగానే అన్ని లైట్లూ వెలిగి ఆరుతున్నాయా చూడండి. అసలు వెలగనే వెలగకపోతే దాన్ని తీసేశారని అనుమానించండి.

పరీక్ష ఇట్లా చేయండి. పది కిలోమీటర్లు తోలి ఇంజిన్ వేడెక్కాక, ఏసీ మధ్యస్థంగా పెట్టి, బండి ఆపి, న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేయండి. సీటు బెల్టు పెట్టుకుని, తలుపులు మూసి ఉండాలి, లేదంటే సిస్టమ్ పని చేయదు. ఇంజిన్ ఆగాలి. క్లచ్ తొక్కగానే కుదుపు లేకుండా, కీచుమనకుండా లేవాలి. కీచుమంటే బెల్టు గానీ టెన్షనర్ గానీ అయిపోవచ్చింది. ఈ బెల్టు ఇంజిన్‌ను లాగుతుంది, ఇంజిన్‌తో లాగించుకుంటుంది కూడా, అందుకే మామూలు ఆల్టర్నేటర్ బెల్టు కంటే దీనికి శ్రమ ఎక్కువ. ఇంజిన్ ఆగనే ఆగకపోతే ముందు 12 వోల్టుల బ్యాటరీ చూడండి. ఈ బండికి స్టార్ట్-స్టాప్‌ను తట్టుకునే ఈఎఫ్‌బీ రకం వేయాలి, తక్కువకు వస్తుందని మామూలుది వేసిన బండ్లే ఎక్కువ. దాని మీద లేబులు చదవండి. మామూలుది ఉంటే కొత్త బ్యాటరీ ధర బేరంలో తగ్గించండి. అది సరిగా ఉండీ ఆగకపోతే సర్వీసులో స్కాన్ చేయించి, లిథియం ప్యాక్, ఐఎస్‌జీ రెండింటికీ రాతపూర్వక కొటేషన్ తీసుకున్నాకే రేటు మాట్లాడండి.

ముందు పక్క సీటు కింద చేయి పెట్టి చూడండి. ఆ చోట నీళ్ల మరకలు, తెల్లటి ఉప్పులాంటి పొడి ఉండకూడదు. కారు లోపల నీళ్లు పోసి కడిగే అలవాటున్న సర్వీసింగ్ షెడ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, ఈ బండికి అది పడదు.

62 వేలు తిరిగిన మాన్యువల్ అంటే క్లచ్ ఒకసారి చూసుకోవాలి. హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో నెమ్మదిగా క్లచ్ వదిలితే ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆర్పీఎం అట్లాగే ఉండి వాసన వస్తే ప్లేటు అయిపోయింది. టైమింగ్ చైనే, బెల్టు కాదు, ఆ ఖర్చు లేదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 3519 అంటే 2019లో 35వ వారం. ఏడేళ్ల కింది టైర్లు మన ఎండలకు గట్టిపడి ఉంటాయి, టైరు గాట్లు ఎంత మిగిలినా లెక్కలోకి తీసుకోవద్దు, నాలుగు టైర్ల డబ్బు తగ్గించి అడగండి.

హంద్రీ నీవా, కర్నూలు

మూడింట ఒక వంతే టౌన్ అంటే నా మాట కూడా సియాజ్‌కే. నిజానికి మీ రోడ్డుకు 2016 నుంచి 2019 మధ్య సియాజ్ డీజిల్ ఎస్‌హెచ్‌వీఎస్ (మారుతి మైల్డ్ హైబ్రిడ్ పాత పేరు) దొరికినా బాగుంటుంది, కంపెనీ మైలేజీ 28.09 చెప్పిన బండి అది. అయితే 1.3 డీజిల్‌కు ఇంజెక్టర్లు, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు), టర్బో చూపించుకోకుండా తీసుకోవద్దు, వాటిలో ఒక్కటి పోయినా మిగిల్చిన డీజిల్ డబ్బంతా దానికే పోతుంది.

ఏపీ నంబర్ హైరైడర్ కోసం ఆగడం తప్పు కాదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక కొత్త బండ్ల రేట్లు తగ్గాయి, పాతవాటి మీద కూడా ఆ ఒత్తిడి ఉంది. 2022 సెప్టెంబర్లో వచ్చినప్పుడు ఎస్ హైబ్రిడ్ ఎక్స్ షోరూమ్ 15.11 లక్షలు, ఆ లెక్క దగ్గర పెట్టుకుని బేరం ఆడండి. గ్రాండ్ విటారా హైబ్రిడ్ కూడా అదే సిస్టమ్, కాబట్టి రెండింటినీ కలిపి వెతకండి. 2022 ఆగస్టు 8 నుంచి నవంబర్ 15 దాకా తయారైన గ్రాండ్ విటారాలు 11,177 వెనక సీటు బెల్టు బ్రాకెట్ల కోసం రీకాల్ అయ్యాయి, ఆ కాలపు బండి అయితే పని అయిన రసీదు అడగండి.

ఆగే కాలంలో ఇంకో పని: కడపలో మీ సర్వీసు సెంటర్‌కు పోయి, హైబ్రిడ్ అధిక వోల్టేజీ పని చేసే ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్ ఇక్కడే ఉన్నాడా, లేకపోతే బండిని ఎక్కడికి పంపుతారు, ఆ టోయింగ్ ఎవరు కడతారు అని అడిగి ఉంచండి. ఎప్పుడు కొన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీని మాత్రం మరవొద్దు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా రెడీ లైటు రాదు, బండి కదలదు. రెండు వారాలు నిలబెట్టాల్సి వస్తే మధ్యలో ఒకసారి రెడీలో పెట్టి అరగంట ఉంచండి, ఊరికే లైట్లు వేసి ఉంచితే ఛార్జి ఎక్కదు, ఇంకా దిగిపోతుంది.